కావలివాని పని: ‘ఘాజీ’ చిత్రం, యెహెజ్కేలు 33 – ఒక విమర్శనాత్మక పరిశీలన

సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో 2017లో విడుదలైన ‘ఘాజీ’ చిత్రాన్ని దృష్టాంతంగా తీసుకొని, సబ్బవరంలో ఒక ఆదివార ఆరాధనలో యెహెజ్కేలు 33వ అధ్యాయం బోధించాను. ఆ నావికులవలె మెలకువగా ఉండి శత్రువును కూల్చడమే కావలి అన్నాను. ఆరాధన ముగిశాక ఒక వృద్ధ విశ్వాసురాలు నా దగ్గరకు వచ్చారు. 1971 యుద్ధంలో ఆమె విశాఖలో ఉన్నారు. “కిటికీలకు నల్ల కాగితాలు అంటించి, దీపాలార్పి కూర్చున్నామండి అయ్యగారూ. ఎవర్నీ కొట్టలేదు. మరి మాది కావలి కాదా?” అన్నారు. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి విశాఖ ఓడరేవు వెలుపల మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతకలేదు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ దాడివలన మునిగిందని భారత నౌకాదళం, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడువలన మునిగిందని పాకిస్తాన్ చెప్పాయి. ఈ రెండు కథనాలలోనూ భారత జలాంతర్గామి చేసిన పోరాటం లేదు. చిత్రంలోని ఎస్-21 పోరాటం కల్పన. కల్పించడం దోషం కాదు. అయితే ఆ కల్పనకు చోటిచ్చేటప్పుడు ఎవరిని వదిలారన్నది ఆలోచించాలి. నీటిపై తేలిన శకలాలను చూచి, తెచ్చి అప్పగించినవారు మత్స్యకారులు. చూచినదానిని చూచినట్టు తెలియజేసిన ఆ సామాన్యులకు చిత్రకథలో స్థానం లేదు. నా ప్రసంగంలోనూ లేకపోయింది.

ఈ పొరపాటుకు మన భాష కూడా కొంత కారణం. యెహెజ్కేలు వాడిన హెబ్రీ పదం ‘సోఫె’, అనగా దూరమునుండి కనిపెట్టి చూచువాడు. 127వ కీర్తనలోని పదం ‘షోమేర్’, అనగా కాపాడువాడు. తెలుగు బైబిలులో రెండింటికీ ‘కావలి’ అనే మాటే ఉంది. కావలి అనగానే మనకు మంచె మీద వడిసెల పట్టినవాడు గుర్తుకొస్తాడు. యెహెజ్కేలు కావలివాని చేతిలో ఉన్నది బూర మాత్రమే. ఖడ్గము వచ్చుట చూచి ఊదాలి. ఊదకపోతే పోయిన ప్రాణానికి అతడే ఉత్తరవాది.

ఆ బూర దేనికొరకు? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినప్పుడు ప్రజలు పట్టణం విడిచి లోపలి ఊళ్లకు తరలిపోయారు. హెచ్చరిక ఉద్దేశం అదే: వినినవాడు బ్రతకాలి. యెహెజ్కేలు అదే అధ్యాయం 11వ వచనం మరొక అడుగు ముందుకు వేస్తుంది. దుర్మార్గుని మరణంలో దేవునికి సంతోషం లేదు, అతడు తిరిగి బ్రతకడమే ఆయన కోరిక. నేను 9వ వచనంతో ఆపేశాను. చిత్రం శత్రునౌక మునకను విజయంగా చూపి ముగిసింది. నేనూ అక్కడే ముగించాను.

చిత్రానికి న్యాయం చేస్తూ ఒక మాట చెప్పాలి. దాడికి తొందరపడే కెప్టెన్ రణవిజయ్‌ని ఆదేశం కొరకు ఆగమని అర్జున్ అడ్డుకొనే సన్నివేశాలు కావలికి అవసరమైన నిగ్రహాన్ని చూపుతాయి. మన యువతకు చెప్పదగినది అదే.

సేవకులమైన మనం సంఘంలో అప్పులలో, త్రాగుడులో మునుగుచున్నవారిని ముందుగా చూస్తాము. వారిని పదిమందిలో పడగొట్టే ప్రసంగం కావలి కాదు. మునగకముందే వారి గుమ్మంలోకి వెళ్లి చెప్పడమే కావలి. ఆ వృద్ధురాలికి నా జవాబు ఇదే: “అమ్మా, మీది కావలే. నాదే కాలేదు.”