బూడిద దిబ్బల ఈడు: మిగులు కాలం లెక్క

దక్షిణాది పూర్వచరిత్రకి ఈడు కట్టిన తొలి పెద్ద లెక్క 1947 నాటిది. చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో, అశోకుడి శాసనం ఉన్న కొండ పక్కన, మార్టిమర్ వీలర్ తవ్వించాడు. నేలలో మూడు సంస్కృతులు కనపడ్డాయి. అడుగున రాతిగొడ్డళ్ల వాళ్లు, వాళ్లమీద ఇనుమూ మహాశిలా సమాధులూ ఉన్నవాళ్లు, అన్నిటికన్నా పైన ఆయన 'ఆంధ్ర' అని పేరు పెట్టిన పొర. ఏది ముందు, ఏది వెనక అన్నది పొరలు చెప్పాయి. ఎన్నేళ్ల కింద అన్నది మాత్రం పొరలు చెప్పవు. దానికి బయటినుంచి ఒక తేదీ కావాలి.

ఆ తేదీ రోమునుంచి వచ్చింది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో వీలరే తవ్వించాడు. అక్కడ ఇటలీ కుమ్మరుల ముద్రలున్న పళ్లేలు దొరికాయి. అవి క్రీ.శ. 1వ శతాబ్దపు తొలి దశకాలవని ఇటలీలో అప్పటికే తేలింది. వాటి తోడుగా దొరికిన రూలెటెడ్ పెంకుల్లాంటివే బ్రహ్మగిరి పైపొరలో కూడా ఉన్నాయి. కాబట్టి పైపొర క్రీ.శ. 1వ శతాబ్దం మధ్యనుంచి మొదలు. అక్కడినుంచి వెనక్కి దిగుతూ సమాధుల వాళ్లకి క్రీ.పూ. 200 నుంచి రెండున్నర శతాబ్దాలు ఇచ్చాడు. రాతిగొడ్డళ్ల వాళ్లని క్రీ.పూ. 1000 దగ్గర మొదలుపెట్టాడు.

ఈ లెక్కలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. నాణెం ఉన్నవాడికి, శాసనం ఉన్నవాడికి, రోముతో బేరం ఉన్నవాడికి సొంత తేదీ ఉంటుంది. అవేవీ లేనివాళ్లకి పైవాళ్లు తీసుకోగా అడుగున మిగిలిన కాలమే దక్కుతుంది. బంతిలో ఆఖరున కూచున్నవాడి విస్తరి లాంటిది. వీలర్ని తిట్టడానికి ఈ మాట అనటంలేదు. అప్పటికి ఆయన చేతిలో ఉన్న పనిముట్లు అవే. పైగా తన లెక్క ఎక్కడినుంచి ఎక్కడికి నడిచిందో దాచకుండా రాశాడు గనకనే దాన్ని తప్పుపట్టగలిగాం. అయితే దక్షిణాదికి నాగరికత అశోకుడి వెంట నడిచొచ్చిందనే ఊహ ఉన్న చోట, అంత పొట్టి కాలం ఎవరికీ వింతగా తోచలేదు.

దాన్ని తిరగేసింది బొగ్గు. బతికున్న చెట్టు గాలినుంచీ, జంతువు తిండినుంచీ కార్బన్ 14ని తీసుకుంటూ ఉంటాయి. చచ్చాక తీసుకోవటం ఆగుతుంది, ఉన్నది తరుగుతుంది. 5730 ఏళ్లకి సగమవుతుంది. మిగిలింది కొలిస్తే చచ్చి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. విల్లార్డ్ లిబ్బీ బృందం 1949లో బయటపెట్టిన పద్ధతి ఇది. ఈ పద్ధతికి రాజు పేరు అక్కర్లేదు. పొయ్యిలో కాలిన పుల్ల చాలు.

అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్విన బూడిద దిబ్బ దగ్గర ఈ మార్పు తెలిసొచ్చింది. చుట్టూ గుంజలు పాతిన ఆవరణ, అందులో పశువుల గిట్టల అచ్చులు, పొరలు పొరలుగా కాలిన పేడ. అక్కడి బొగ్గు ఈడు క్రీ.పూ. 3వ సహస్రాబ్దికి పోయింది. వీలర్ మొదలుపెట్టిన చోటికన్నా వెయ్యేళ్ల పైన వెనక్కి! కర్ణాటకలోని హళ్లూరులో ఇనుము దొరికిన పొరల తేదీ క్రీ.పూ. 1000 ప్రాంతంలో పడింది. అంటే మౌర్యులకి ఏడు వందల ఏళ్ల ముందే ఇక్కడ ఇనుము ఉంది.

ఈ దిబ్బలకి పురాణం కూడా ఒక ఈడు కట్టింది. హంపి దగ్గరి నింబాపురం దిబ్బని వాలిని దహనం చేసిన బూడిద అంటారు. చంపబడ్డవాడి చితిగా చెప్పుకున్న ఇలాంటి దిబ్బలు పేడ బూడిదేనని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే అన్నాడు. 1960లో జాయ్‌నర్ చేసిన పరీక్ష ఆయన మాటనే బలపరిచింది. షోరాపూర్ దగ్గరి బూదిహాళ్‌లో కె. పద్దయ్య తవ్వకాల్లో పశువుల్ని కోసిన నేల ఒకటి బయటపడింది. ఎముకలు, వాటి మధ్య రాతి పలుగులు. గొడ్డుమాంసం తిన్నందుకు మనుషుల్ని కొట్టే కాలంలో ఆ నేల ఈడు పండితులకి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

సరిగ్గా ఇక్కడే మనవాళ్లు కొందరు తొందరపడుతున్నారు. ఉట్నూరు పశుల కాపరులే ఇవాళ్టి మాల మాదిగల ముత్తాతలని ఒక్క గెంతులో తేలుస్తున్నారు. బొగ్గుకి కులం లేదు. అది పుల్ల ఎప్పుడు తెగిందో చెబుతుంది, నరికిన చెయ్యి ఎవరిదో చెప్పదు. అసలు ఈడు కట్టే పని మనకి కొత్త కాదు. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్'లో అంబేద్కర్ చేసింది అదే. ఏ కాలానికి అంటరానితనం ఇంకా లేదు, ఏ కాలానికి అది వచ్చేసింది అని రెండు హద్దులు పాతి, మధ్యలో క్రీ.శ. 400 ప్రాంతాన్ని చూపాడు. ఆ తేదీతో మనం తగువు పడొచ్చు. కానీ హద్దులు రెండూ కళ్లముందు పెట్టి తగువుకి చోటిచ్చాడు. ఉట్నూరుకీ ఆ తేదీకీ మధ్య రెండున్నర వేల ఏళ్లకి పైగా ఎడం ఉంది. దాన్ని గెంతేవాడు అంబేద్కర్ పద్ధతిని వదిలేసినట్టే.

ఇనుము విషయంలో ఇప్పుడు జరుగుతున్నదీ ఇలాగే చూడాలి. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం శివగళైలో ఇనుము ఈడు క్రీ.పూ. 4వ సహస్రాబ్దికి పోతుందని ప్రకటించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని సమాధుల తవ్వకంలో ఇనుప వస్తువుల తావుకి కూడా క్రీ.పూ. 2000 దాటిన తేదీ చెప్పారు. అది ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో కొలిచే పద్ధతి. ఈ తేదీలు తప్పని నేననను. కానీ కొలిచింది బొగ్గునీ, పెంకునీ, రేణువునీ. ఇనుము వాటి పక్కన ఉంది. ఆ పక్కన ఉండటం ఎంత గట్టిదన్న దానిమీదే మొత్తం నిలబడుతుంది. సమాధి గొయ్యి తవ్వినప్పుడు పాత మట్టి లోపలికి జారుతుంది, పాత దుంగ కొత్త మంటలో కాలుతుంది. ఒక రాష్ట్రం గొప్పకోసం ఈ ప్రశ్నని పక్కకి నెట్టటం, ఉత్తరాది గొప్పకోసం దక్షిణాది తేదీల్ని నమ్మననటం, రెండూ ఒకటే జబ్బు. ఈ పోటీలో కొలిమి ఊదినవాడి ఊసు ఎవరికీ పట్టదు.

నేల రంగు మారిన చోట గడ్డపార ఆపేది కూలి. రెండు పొరల మధ్య తేడా ముందు తెలిసేది వాళ్ల చేతికే. అక్కడ చెయ్యి తప్పితే పై పొర బొగ్గు కింది పొర సంచిలో పడుతుంది, ప్రయోగశాల ఎంత కచ్చితంగా కొలిచినా ఆ తప్పు దిద్దలేదు. వాళ్ల పేర్లు నివేదికల్లో సాధారణంగా ఉండవు. తేదీల పట్టికలో నమూనా సంఖ్య, లోతు, పొర ఉంటాయి. తీసిన చెయ్యి ఎవరిదో రాసే గడి కూడా ఒకటి ఉండాలి. నచ్చక పక్కన పెట్టిన తేదీలు సైతం ఆ పట్టికలోనే అచ్చుకావాలి.