ముందు బరువుకు పుట్టిన సైకిలు

గత శతాబ్దంలో పారిస్ నగరంలో దినపత్రికల కట్టలు అచ్చాఫీసుల నుంచి వీధుల్లోని పత్రికల దుకాణాలకు సైకిళ్ల మీద చేరేవి. ముందు చక్రానికి సరిగ్గా పైన వెడల్పాటి కారియర్, దాని మీద బిగించి కట్టిన పత్రికల దొంతర. ఈ పని చేసేవాళ్లను అక్కడ పోర్తెర్లు అనేవారు. పోటీ పత్రిక కంటే ముందే తమది దుకాణంలో ఉండాలి కాబట్టి అంత బరువుతోనూ ట్రాఫిక్‌లో సందు చూసుకుని దూసుకుపోయేవారు. వాళ్లకోసం ఏటా ఒక పందెం కూడా జరిగేది. అందులోనూ బరువు మోస్తూనే తొక్కాలి.

మనకు బరువంటే వెనక కారియరే. పాల క్యాన్లు, బియ్యం బస్తా, గ్యాసు బండ, అన్నీ అక్కడికే. హ్యాండిల్‌కు నిండు సంచీ తగిలించుకుని బజారు నుంచి ఇంటికొచ్చిన ఎవరినడిగినా సైకిలు ముందు బరువు పెట్టకూడదనే చెబుతారు. మెల్లగా వెళ్తుంటే హ్యాండిల్ ఒక పక్కకు లాగేస్తుంది, మలుపులో తిప్పినదానికంటే ఎక్కువ తిరుగుతుంది. వాళ్ల అనుభవం నిజం. కానీ తప్పు ముందు పెట్టిన బరువుది కాదు. ఆ సైకిలును ఆ బరువు కోసం తయారు చేయలేదు, అంతే. పారిస్ సైకిలుకూ మన సైకిలుకూ ఈ విషయంలో తేడా ఫోర్కు దగ్గర రెండు మూడు సెంటీమీటర్లు.

ఆ సెంటీమీటర్లను ఇంట్లోనే కొలుచుకోవచ్చు. సైకిలును చదును నేల మీద నిటారుగా, హ్యాండిల్ తిన్నగా ఉండేలా నిలబెట్టండి. హ్యాండిల్ కింద ఫోర్కు దూరే పొట్టి గొట్టం ఉంటుంది. అదే హెడ్ ట్యూబు. దాని పక్కన, దాని వాలుకు సరిగ్గా సమాంతరంగా, ఒక పొడవాటి తిన్నని కర్రను నేల దాకా పట్టుకోండి. కర్ర నేలను తాకిన చోట సుద్దముక్కతో గీత పెట్టండి. తర్వాత ముందు చక్రం ఇరుసు మధ్య నుంచి ఒక దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీయండి. అది నేలను చూపే చోట రెండో గీత. చక్రం నేలను ఆనేది అక్కడే. మొదటి గీత ముందు, రెండోది వెనక ఉంటాయి. వాటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు.

సూపర్‌మార్కెట్ ట్రాలీని తోసినప్పుడు దాని చిన్న చక్రాలు ఎటు తోస్తే అటు వాటంతటవే సర్దుకుంటాయి. చక్రం నేలను ఆనే చోటు అది తిరిగే కీలుకు వెనకబడి ఉండటమే దానికి కారణం. సైకిలు ముందు చక్రంలో జరిగేదీ ఇదే. సీటు ఒక్కటే పట్టుకుని సైకిలును ఎడమకు ఒరగనివ్వండి, ఎవరూ తాకకుండానే హ్యాండిల్ ఎడమకు తిరుగుతుంది. ఒరిగిన వైపుకే చక్రం తిరగడం వల్ల సైకిలు మళ్లీ మన కిందికి వస్తుంది. చేతులు వదిలి తొక్కే కుర్రాళ్లు నమ్ముకునేది దీన్నే.

ట్రెయిల్‌ను మూడు కొలతలు నిర్ణయిస్తాయి: హెడ్ ట్యూబు కోణం, చక్రం సైజు, ఫోర్కు ముందుకు ఎంత వంగి ఉందన్నది. చాలామంది పొరబడేది ఈ మూడోదాని దగ్గరే. ఫోర్కు ఎంత ముందుకు వంగితే ట్రెయిల్ అంత పెరుగుతుందనుకుంటారు, నిజానికి తగ్గుతుంది. ఫోర్కు ముందుకు వంగితే ఇరుసూ, దానితోపాటు చక్రం నేలను ఆనే చోటూ ముందుకు జరుగుతాయి. దాంతో సుద్ద గీతలు రెండూ దగ్గరవుతాయి. కోణం 73 డిగ్రీలు, చక్రం వ్యాసార్ధం 340 మిల్లీమీటర్లు అనుకుందాం. వంపు 45 మిల్లీమీటర్లయితే ట్రెయిల్ దాదాపు 57. అదే ఫ్రేముకు వంపు 65 ఉన్న ఫోర్కు బిగిస్తే ట్రెయిల్ 36కు పడిపోతుంది. దూరం నుంచి చూస్తే రెండు సైకిళ్లూ ఒకేలా ఉంటాయి, తొక్కితే మాత్రం అవి వేరే జాతులు.

ఇప్పుడు ముందు ఇరవై కిలోలు పెట్టామనుకోండి. సైకిలు కాస్త ఒరిగినప్పుడు హ్యాండిల్‌ను తిప్పే బలం రెండింటి మీద ఆధారపడుతుంది: ముందు చక్రం మీద పడుతున్న బరువు, ట్రెయిల్. బరువు పెరిగితే ట్రెయిల్ ప్రభావమూ పెరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా నడిచిన 57 మిల్లీమీటర్ల ట్రెయిల్, బరువు పడేసరికి మోతాదు మించిపోతుంది. ట్రెయిల్ మొదటే తక్కువగా ఉంటే బరువు పెట్టాక సరైన చోటికి వస్తుంది. పైగా హ్యాండిల్‌తోపాటు తిరిగే బరువుకు ఉండే జడత్వం వల్ల, వేగంగా వెళ్లేటప్పుడు తక్కువ ట్రెయిల్ సైకిలులో ఉండే మరీ తేలికదనం కూడా సర్దుకుంటుంది. 2011లో ‘సైన్స్’ పత్రికలో డెల్ఫ్ట్, కార్నెల్ తదితర విశ్వవిద్యాలయాల పరిశోధకులు తాము తయారు చేసిన ఒక వింత సైకిలు గురించి రాశారు. తిరిగే చక్రాలు తమ దిశను నిలుపుకునే గైరోస్కోపు ప్రభావాన్ని అందులో రద్దు చేశారు, ట్రెయిల్‌ను లేకుండా చేశారు. అయినా తోసి వదిలితే అది తనంతట తాను నిలబడి సాగింది. దాన్ని నిలబెట్టింది బరువు అమరిన తీరు. ఆ సైకిలు చెప్పేదాన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను: బరువు ఎక్కడుందన్నది జ్యామితిలో భాగమే, తర్వాత తగిలించే అదనపు సంగతి కాదు.

ఫ్రెంచి పనివాళ్లు దీన్ని చేతి అనుభవంతో పట్టుకున్నారు. సైంతెతియెన్ పట్టణంలో వెలోసియో అన్న కలం పేరుతో పత్రిక నడిపిన పాల్ ద వివీ, 1930లో చనిపోయేదాకా, వెడల్పు టైర్లూ మార్చుకోగల గేర్లూ ఉన్న దూరప్రయాణపు సైకిలు కోసం వాదిస్తూనే ఉన్నాడు. ఆ దారిలో వచ్చిన సైకిలు తయారీదారులే రెనె ఎర్స్, అలెక్స్ సింజే. ఇద్దరి దుకాణాలూ పారిస్ పక్కనే ఉన్న లెవల్వా-పెర్రేలో ఉండేవి. ఫ్రేము ఒకరు, కారియర్ మరొకరు, మడ్‌గార్డులు ఇంకొకరు చేసి బిగించే పద్ధతి కాదు వాళ్లది. లైటు, కారియర్, మడ్‌గార్డు, బ్యాగు అన్నీ కాగితం మీద ఒకేసారి గీసి, సైకిలును వాటితో కలిపే తయారు చేసేవారు. 1930లు, 40లలో జరిగిన సాంకేతిక పోటీల్లో ఇలాంటి సైకిళ్లను గతుకుల రోడ్ల మీద వందల కిలోమీటర్లు తొక్కించి పరీక్షించారు. 1946 పోటీకి సింజే తయారు చేసిన సైకిలు మడ్‌గార్డులు, లైట్లు, కారియర్‌తో సహా 7 కిలోలు తూగలేదు.

ఆ సైకిళ్ల ముందు భాగాన్ని దగ్గర నుంచి చూడాలి. ఫోర్కు కాళ్లు సన్నగా దిగి, చివర్లో గట్టిగా వంగుతాయి. ఆ సన్నని చివరలు గతుకు పడ్డప్పుడు కొద్దిగా వంగి దెబ్బను మింగుతాయి. కారియర్ చాలా చిన్నది, మడ్‌గార్డుకు తాకీ తాకనట్టు పైనే ఉంటుంది. నలుచదరపు బ్యాగు దాని మీద కూర్చుంటుంది, పైభాగం హ్యాండిల్ దగ్గర ఒక క్లిప్పులో బిగుసుకుంటుంది, ఊగే వీలు ఉండదు. బరువు వీలైనంత కిందికి, ఫోర్కు తిరిగే గీతకు వీలైనంత దగ్గరగా ఉంచడమే దీని ఉద్దేశం. నా దృష్టిలో ఈ సంప్రదాయమంతటిలో అందమైన పని ఇదే. ఇంకో లాభం కూడా ఉంది. మ్యాపు, తిండి, రెయిన్‌కోటు అన్నీ సైకిలు దిగకుండానే చేతికి అందుతాయి.

మన వీధుల్లో తరాలుగా తిరిగిన నల్ల సైకిలు కథ వేరు. దాని హెడ్ ట్యూబు కోణం సుమారు 67, 68 డిగ్రీలు, అంటే బాగా వాలింది. చక్రాలు పెద్దవి, ఫోర్కు వంపూ ఎక్కువే, దాదాపు ఏడెనిమిది సెంటీమీటర్లు. అన్నీ కలిసి ట్రెయిల్ 60 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. కోణం వాలే కొద్దీ హ్యాండిల్ తిప్పినప్పుడు సైకిలు ముందు భాగం కిందికి జారే గుణం పెరుగుతుంది. అందుకే మెల్లగా వెళ్లేటప్పుడు హ్యాండిల్‌కు తగిలించిన సంచీ అంతగా సతాయిస్తుంది. తొక్కేవాడు నిటారుగా కూర్చుని, బరువు వెనక కట్టుకుని, మట్టిరోడ్డు మీద నిదానంగా వెళ్లడానికి అది మంచి డిజైను. పాలవాళ్లు క్యాన్లను కారియర్‌కు రెండు పక్కలా కిందికి వేలాడదీయడంలోనూ ఫ్రెంచివాళ్ల తెలివే ఉంది: బరువు కిందికి, సమంగా. వెనక బరువుకు రెండు ఇబ్బందులున్నాయి. మనిషి బరువులో ఎక్కువ భాగం అప్పటికే వెనక చక్రం మీద ఉంటుంది, కాబట్టి టైరూ స్పోకులూ త్వరగా దెబ్బతింటాయి. సన్నని ఫ్రేమైతే దిగుడులో వేగం అందుకోగానే తోక ఊగి హ్యాండిల్ దాకా వణుకు పాకుతుంది.

తక్కువ ట్రెయిల్ కూడా అన్ని చోట్లా మంచిదని కాదు. ముందు బరువు లేకుండా తొక్కితే కొందరికి ఆ సైకిలు మరీ తేలిగ్గా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. బరువు ఎప్పుడూ వెనకే కట్టేవాళ్లకు దానితో ప్రయోజనం లేదు. ఇంగ్లండులో మాంసం దుకాణాల డెలివరీ సైకిళ్లు మూడో దారి పట్టాయి. ముందు చక్రాన్ని చిన్నది చేసి, బుట్టను హ్యాండిల్‌కు కాకుండా ఫ్రేముకే బిగించారు. హ్యాండిల్ తిప్పినా బుట్ట తిరగదు, కాబట్టి బరువు హ్యాండిల్‌ను లాగదు. ఊళ్లో చిన్న దూరాలకు అది సరిపోతుంది.

ఈ సంగతి మనకెందుకంటే, మనవాళ్లు ఇప్పుడు దూరాలు తొక్కుతున్నారు. దూరప్రయాణపు సైక్లింగ్ సంస్థ ఆడాక్స్ ఇండియా కింద హైదరాబాద్ రాండొన్నర్స్ లాంటి క్లబ్బులు 200, 300, 400, 600 కిలోమీటర్ల ప్రయాణాలు నడుపుతున్నాయి. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు, అంటే 90 గంటల్లో 1200 కిలోమీటర్లకు, భారతీయులూ వెళ్తున్నారు. వాళ్లలో చాలామంది పందెపు సైకిలు కొనుక్కుని, దాని హ్యాండిల్‌కు పట్టీలతో బరువైన బ్యాగు కట్టుకుని, రాత్రివేళ నిద్రమత్తులో ఆ హ్యాండిల్‌తో కుస్తీ పడతారు.

కొత్త సైకిలు కొనేవాళ్లకు నా విన్నపం ఇది. గేర్ల లెక్క, రంగు అడగకముందే మీ సామాను ఎక్కడ పెడతారో తేల్చుకోండి. కర్ర, దారం, సుద్దముక్కతో ట్రెయిల్ కొలవండి. 40 మిల్లీమీటర్లకు లోపైతే ముందు పెట్టండి, 60 దాటితే వెనకకు మార్చండి. మధ్యలో ఉంటే, దుకాణంలో ఖాళీ సైకిలు తొక్కి తృప్తిపడకుండా, మీ బ్యాగును నిండుగా సర్ది దాని మీద పెట్టి, నడక వేగంతో ఒక మలుపు తిప్పి చూశాకే డబ్బు కట్టండి.