చేత్తో రమ్మనడం: ఒక ఇంగ్లీషు క్రియకు తెలుగు

ఇంగ్లీషులో 'బెకన్' అనే క్రియ ఒకటి ఉంది. చేతితోగాని, వేలితోగాని, తలతోగాని సంజ్ఞ చేసి ఎదుటి మనిషిని తన దగ్గరికి పిలవడం దాని అర్థం. మాట చిన్నదే అయినా అనువాదకుడికి తెచ్చిపెట్టే చిక్కు చిన్నది కాదు. ఓడలకు దారి చూపే దీపాన్నీ, కొండమీద వెలిగించే హెచ్చరిక మంటనూ చెప్పే 'బీకన్' అనే నామవాచకమూ ఇదీ ఒకే మూలం నుంచి వచ్చినవి. ప్రాచీన ఇంగ్లీషులో ఆ మూలానికి 'గుర్తు' అని అర్థం. నామవాచకం వెలుగువైపు పోయింది, క్రియ చేతివైపు వచ్చింది. ఇప్పుడు ఆ క్రియలో మూడు సంగతులు ఇమిడి ఉన్నాయి: శరీరంలో ఒక కదలిక, ఆ కదలికలో ఒక పిలుపు, ఆ పిలుపుకు 'నా దగ్గరికి' అనే దిశ.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు ఈ మాటకు సాధారణంగా 'సైగ చేయు', 'సంజ్ఞ చేయు' అని అర్థం చెబుతాయి. ఇవి తప్పు అని అనలేం గాని మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే అందిస్తాయి. సైగ దేనికైనా చేయవచ్చు. ఊరుకోమని, లేవమని, వెళ్ళిపొమ్మని, డబ్బు ఇవ్వవద్దని కూడా సైగే. 'ముసలమ్మ సైగ చేసింది' అన్న వాక్యం చదివిన పాఠకుడికి ఆమె పిలిచిందో, వారించిందో తెలియదు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. తెలుగులో సైగకు గుట్టు అనే నీడ ఉంది. నలుగురి ముందు నోటితో చెప్పలేనిది సైగతో చెబుతాం. ఒక యువకుడు ఒక అమ్మాయికి సైగ చేశాడంటే అది మన ఊళ్ళలో పంచాయితీ దాకా పోయే మాట. ఇంగ్లీషు క్రియకు కవ్వింపు అనే ఛాయ లేకపోలేదు గాని, ఆసుపత్రిలో నర్సు తరువాతి రోగిని చేయి ఊపి లోపలికి పిలిచినా అదే క్రియ వాడతారు. ఆ నర్సు చేత 'సైగ' చేయిస్తే తెలుగు వాక్యం ఎక్కడికో పోతుంది.

ఈ చిక్కు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థులకు మరో రూపంలో ఎదురవుతుంది. ఈ మూడు తాలూకాలూ 2007 దాకా కోలారు జిల్లాలోనివి, ఆ తరువాత చిక్కబళ్ళాపురం జిల్లాలోనివి. బాగేపల్లి దాటి ఉత్తరానికి కొంచెం పోతే ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఇక్కడ ఎన్నో ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం. చింతామణి తాలూకా కైవారంలోని నారేయణ యతీంద్రులు, అంటే జనం కైవారం తాతయ్య అని పిలుచుకునే ఆయన, రెండు భాషల్లోనూ రాశారు. కాబట్టి రెండు భాషలు కలిసి బతకడం ఇక్కడ నిన్న మొన్నటి సంగతి కాదు. అయితే ఈ విద్యార్థులు తెలుగు వింటారు, మాట్లాడతారు. రాయవలసి వచ్చినప్పుడు మాత్రం చేతికి ముందుగా అందేది కన్నడం.

అటువంటి ఒక విద్యార్థిని అనువాద పత్రంలో ఆ ఇంగ్లీషు క్రియకు 'చేయి వీచి పిలిచింది' అని రాసింది. పరీక్షకుడు దాని కింద ఎర్రగీత గీసి 'కన్నడ ప్రభావం' అని రాసి మార్కు తీసేశాడు. ఈ ఎర్రగీత గురించి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి.

కన్నడంలో ఈ అర్థానికి 'కై బీసి కరె' అనే పదబంధం బాగా స్థిరపడి ఉంది. చేయి ఊపి పిలవడమని దానికి అర్థం. పత్రికల్లో పర్యాటక వ్యాసం వచ్చిందంటే నంది బెట్టమో, ఏదో జలపాతమో 'కై బీసి కరెయుత్తిదె' అన్న మాట రాక మానదు. వాడి వాడి అరిగిపోయిన నాణెం అది. విద్యార్థిని దాన్ని మాటకు మాట తెలుగులోకి దించింది, పరీక్షకుడు చెప్పింది అంతవరకు నిజం. కాని దించిన 'వీచు' అనే మాట ఎక్కడిది? కన్నడ 'బీసు', తెలుగు 'వీచు', తమిళ 'వీచు' సోదర పదాలు. మొదటి వకారం కన్నడంలో బకారం కావడం అందరికీ తెలిసిన ధ్వని మార్పే: వేరు-బేరు, విల్లు-బిల్లు, వేట-బేటె. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండవ కూర్పు 1984) చేతిలో ఉన్నవారు తేలికగా సరిచూసుకోవచ్చు. అంటే ఆ అమ్మాయి పరాయి మాటను తెచ్చిపెట్టలేదు. మన ఇంటి మాటనే పొరుగింటి వాడుకలో వాడింది. తెలుగులో 'వీచు' ఇప్పుడు ముఖ్యంగా గాలికి పరిమితమైంది. చేతికి 'ఊపు' వచ్చి చేరింది. కాబట్టి 'చేయి వీచి' అన్నది నేటి తెలుగు చెవికి కొత్తగా తోస్తుంది గాని, దాన్ని దోషమని కొట్టివేసే పరీక్షకుడు దాని స్థానంలో ఏది రాయాలో కూడా చెప్పాలి కదా. ఆయన అంచున రాసిన సవరణ 'సైగ చేసింది'. నా దృష్టిలో విద్యార్థిని మాటే అర్థానికి దగ్గర. ఆమె పిలుపును వదలలేదు, ఆయన వదిలేశాడు.

(కన్నడ దిగుమతులన్నిటినీ సమర్థిస్తున్నానని అనుకోవద్దు. కన్నడంలో 'కై మాడి కరె' అనే మరో వాడుక కూడా ఉంది. దాన్ని 'చేయి చేసి పిలిచింది' అని దించితే, 'చేయి చేసుకుంది' అనే మన నుడికారం పక్కనే కాచుకుని ఉంటుంది. ఆప్యాయంగా పిలిచిన అవ్వ చెంపదెబ్బ కొట్టిన అవ్వ అవుతుంది.)

మరి సరైన తెలుగు ఏది? నిఘంటువులో వెతికేవారికి ఇది కనబడదు, ఎందుకంటే తెలుగు ఈ పనిని పదంతో కాక వాక్య నిర్మాణంతో చేస్తుంది. బాగేపల్లి సంతలో ఎవరినైనా అడగండి: 'ఆయమ్మ చేత్తో రమ్మనింది' అంటారు. కోస్తావారైతే 'చేత్తో రమ్మంది' అంటారు. రూపం మారినా నిర్మాణం ఒకటే. ఇందులో 'అను' అనే క్రియ నోటితో పలకడాన్ని చెప్పడం లేదు. చెయ్యి అన్న మాటను చెబుతున్నది. సంజ్ఞలో ఉన్న సందేశాన్ని 'రమ్ము' అనే విధ్యర్థక రూపంలో ఉంచి, దాన్ని 'అను'తో మూసి, పలికిన అవయవాన్ని తృతీయా విభక్తిలో పెడితే వాక్యం సిద్ధం. చేత్తో రమ్మంది, కళ్ళతో రమ్మంది, తలతో రమ్మంది, వేలితో రమ్మన్నాడు. ఇంగ్లీషు క్రియకు ఏ అవయవమో చెప్పాలంటే అదనంగా చెప్పుకోవాలి. మనకు అది వాక్యంలో మొదటి మాటే.

'రమ్మను' రూపాన్ని గమనించండి. వీధిలో ఎవరూ 'రమ్ము' అనరు, 'రా' అంటారు. అయినా 'రా అన్నాడు' పక్కనే 'రమ్మన్నాడు' నిక్షేపంగా బతుకుతోంది. పొమ్మన్నాడు, తెమ్మన్నాడు, చెప్పమన్నాడు కూడా అంతే. విడిగా వాడుక తప్పిన పాత విధిరూపం 'అను' కడుపులో నిలిచింది. రెండు రూపాలకూ వాడుకలో తేడా కూడా ఉంది. 'రా అన్నాడు' అంటే ఆ మాటే నోటితో అన్నాడని తోస్తుంది. 'రమ్మన్నాడు' అంటే ఎలా అన్నాడో తెలియదు. ఉత్తరం రాసి ఉండవచ్చు, మనిషిని పంపి ఉండవచ్చు, చేయి ఊపి ఉండవచ్చు. అందువల్ల దీన్ని రెండు మాటలు పక్కపక్కన చేరిన పదబంధంగా కాక, దాదాపు ఒకే క్రియగా చూడాలని నా అభిప్రాయం. కన్నడంలో దీనికి సమానంగా ఎక్కువగా వినిపించేది 'బరలు హేళిద', అంటే తుమున్నర్థక రూపంతో 'చెప్పు' అనే క్రియ. 'చెప్పు'లో నోరు ఉంది, చేతికి చోటు తక్కువ. అందుకే కన్నడం చేతి కోసం 'కై బీసు'ను వేరుగా తెచ్చుకోవలసి వచ్చిందని ఊహించవచ్చు. తెలుగుకు ఆ అవసరం రాలేదు. 'ఇంగ్లీషులో ఉన్న ఒక్క మాటకు మన భాషలో మాట లేదు' అని చిన్నబుచ్చుకునే విద్యార్థులు ఈ సంగతి ఆలోచించాలి. బయలుదేరిన చుట్టంతో ఊరిచివరి దాకా నడిచి వీడ్కోలు చెప్పడాన్ని మనం 'సాగనంపు' అంటాం. దానికి ఇంగ్లీషులో ఒక్క క్రియ చూపమనండి.

ఇంగ్లీషు క్రియకు ఆలంకారిక వాడుక కూడా ఉంది. సముద్రం పిలుస్తుంది, నగరం పిలుస్తుంది, చేతులు లేనివన్నీ పిలుస్తాయి. ఇది పాశ్చాత్య కవిత్వ ధోరణి అనీ, తెలుగులో కృత్రిమంగా ఉంటుందనీ కొందరు అనువాదకులు దీన్ని 'ఆకర్షిస్తోంది' అని చప్పగా మార్చేస్తారు. ఆ భయం అనవసరం. 'ఊరు పొమ్మంటుంది, కాడు రమ్మంటుంది' అని పండు ముసలివాళ్ళ గురించి చెప్పే సామెత మనకు ఉంది కదా. ఇందులో కర్త మనిషి కాదు, పిలుపు నోటితో కాదు, అయినా వాక్యం ఎంత సహజంగా నిలిచింది! కన్నడంలోనూ ఇదే సామెత ఉంది: 'ఊరు హోగు అన్నుత్తె, కాడు బా అన్నుత్తె'. ఒక చిన్న తేడా చెప్పుకోవాలి. నేటి కన్నడంలో 'కాడు' అంటే ముందుగా అడవి, శ్మశానమైతే 'సుడుగాడు' అనాలి. తెలుగులో 'కాడు' అంటేనే శ్మశానం, వల్లకాడు. సరిహద్దు గ్రామాల పిల్లలు ఈ సామెతను రెండు భాషల్లోనూ విని ఉంటారు. ముసలివాణ్ణి అడవి ఎందుకు పిలుస్తోందని కన్నడంలో తెల్లబోయినవాళ్ళకు తెలుగు సామెత సమాధానం చెబుతుంది. కాబట్టి 'నంది కొండ రమ్మంటోంది' అని రాయడానికి ఏ పర్యాటక శాఖ అనుమతీ అక్కరలేదు.

పదం సంగతి ఇలా ఉంటే, సంజ్ఞ సంగతి వేరు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో బొమ్మ వేస్తే అరచేయి పైకి తిప్పి, చూపుడువేలు వంచి పిలిచే మనిషి కనబడతాడు. మనవైపు చేయి ముందుకు చాచి, అరచేయి కిందికి ఉంచి, నాలుగు వేళ్ళూ కలిపి లోపలికి మడుస్తాం. దక్షిణ ఐరోపాలో కొన్నిచోట్ల, ఆసియాలో చాలాచోట్ల ఇదే పద్ధతి. దీన్ని చూసి ఇంగ్లీషువాడు తనను పొమ్మంటున్నారని అనుకోవచ్చు. వాడి వంచిన వేలు మనకు అంతకంటే ప్రమాదం. వేలితో పిలిచేది నౌకరును, బడిపిల్లవాణ్ణి. అందువల్ల ఇంగ్లీషు కథలో ఒకడు స్నేహంగా వేలు వంచి పిలిచినప్పుడు 'వేలితో రమ్మన్నాడు' అని యథాతథంగా రాస్తే, స్నేహితుడు జమీందారైపోతాడు. అక్కడ 'చేత్తో రమ్మన్నాడు' అనడమే నమ్మకమైన అనువాదం, అవయవం మారినా సరే.

అసలు పెద్దవారిని ఏ చేత్తోనూ పిలవం. మామగారు వాకిట్లో కనబడితే కోడలు చేయి ఊపదు. ఎదురువెళ్ళి, 'రండి మామా' అంటుంది, లేదా పిల్లవాణ్ణి పంపుతుంది. పేరంటానికి పిలవవలసివస్తే ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తారు. అదీ చేత్తో చేసే ఆహ్వానమే గాని ఇంగ్లీషు క్రియ దరిదాపులకు కూడా రాదు. ఇంగ్లీషు క్రియలో కర్త తన చోటు నుంచి కదలడు, వచ్చేవాడే రావాలి. మన మర్యాదలో పిలిచేవాళ్ళే కదలాలి. ఇంగ్లీషు నవలలో మనవడు తాతను ఆ క్రియతో పిలిచిన చోట 'తాతకు ఎదురువెళ్ళి పిలుచుకొచ్చాడు' అని మార్చాలా అంటే, నేను మార్చవద్దనే అంటాను. వాళ్ళ మర్యాద వాళ్ళది. కాని ఆ చోట తెలుగు పాఠకుడు ఒక క్షణం ఆగుతాడని అనువాదకుడికి తెలిసి ఉండాలి.

అధికారం మాట వచ్చింది గనుక 'సన్న' గురించి ఒక మాట. సంస్కృత 'సంజ్ఞ' ప్రాకృతం మీదుగా వచ్చి తెలుగులో 'సన్న' అయింది, కన్నడంలో 'సన్నె' అయింది. కన్నడంలో కైసన్నె, కణ్సన్నె నేటికీ మామూలు మాటలు. మన 'చేసన్న' కావ్యాలకు పోయింది, 'కనుసన్న' ఒక్క నుడికారంలో చిక్కుకుంది: ఫలానా వారి కనుసన్నల్లో మెలగడం. ఇంగ్లీషులో కూడా మన క్రియకు కురచరూపమైన 'బెక్' సరిగ్గా ఇటువంటి నుడికారంలోనే మిగిలింది, ఒకరి బెక్‌కూ కాల్‌కూ సిద్ధంగా ఉండడమని. సంబంధం లేని రెండు భాషల్లో సంజ్ఞవాచకం చివరికి నౌకరీలోనే తేలడం ఆశ్చర్యమే. తెలుగులో 'సన్న' వెనకబడడానికి 'పలుచని' అనే అర్థంలో మరో 'సన్న' ఉండడం ఒక కారణం కావచ్చు. కన్నడంలో ఆ రెండింటినీ చివరి అచ్చు వేరుచేస్తుంది.

ఇక 'రమ్మను' కూడా అన్నిచోట్లా పనికిరాదు. ఇంగ్లీషు పత్రికలు పదవీ విరమణ దగ్గరపడిన అధికారి గురించి రాసేటప్పుడు విరమణ చేత కూడా ఈ క్రియే చేయిస్తాయి. అక్కడ పిలుపులో ఆశ ఉందో లేదో ఇంగ్లీషు చెప్పదు. తెలుగులో తేల్చుకోక తప్పదు. ఇష్టంగా ఎదురుచూస్తుంటే 'రారమ్మంటోంది', లేకపోతే 'దగ్గరపడింది'. ఆ రెండో 'రా' వట్టి ద్విరుక్తి కాదు. లాలన దానిలోనే ఉంది. కాడు రమ్మంటుందన్న సామెతలో వ్యంగ్యం ఉంది, లాలన లేదు, అందుకే అక్కడ ఒక్క 'రా'తో ఆగింది. అనువాదంలో ఒక రోగి గురించి 'చావు రారమ్మంటోంది' అని రాస్తే, ఆ రోగి చావును కోరుకుంటున్నాడని అర్థం వస్తుంది. మూలంలో ఆ కోరిక ఉందో లేదో ముందు వెనకల వాక్యాలు చదివి చూసుకోండి. ఉత్తరపత్రాల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు కన్నడ ప్రభావం కాదు, ఈ అదనపు 'రా'.