వృషణాలకు తగిలిన దెబ్బను రక్తం చెప్పగలదా?

1977లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాత్రాప్ అనే ఊళ్లోని పురుగుమందుల కర్మాగారంలో పనిచేసే మగవాళ్లు తమలో తాము ఒక సంగతి మాట్లాడుకున్నారు. కొంతకాలంగా తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదు. వీర్య పరీక్షలు చేయించారు. కొందరిలో శుక్రకణాలు బొత్తిగా లేవు. మరికొందరిలో ఉండవలసిన దానికంటే ఎంతో తక్కువ. దీనికి కారణం డైబ్రోమోక్లోరోప్రొపేన్, క్లుప్తంగా డి.బి.సి.పి. నేలలో ఉండి పంటల వేళ్లను తినే నులిపురుగులను చంపే మందు అది.

ఈ ఉదంతంలో మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ కార్మికులకు జ్వరం లేదు, నొప్పి లేదు. వాళ్లలో టెస్టోస్టిరాన్ హార్మోను కూడా పెద్దగా తగ్గలేదు. కాబట్టి మగతనంలో తేడా ఏదీ తెలియలేదు. కాలేయం పాడైతే కళ్లు పచ్చబడతాయి, మూత్రపిండం పాడైతే కాళ్లు వాస్తాయి. వృషణంలో శుక్రకణాలను తయారుచేసే భాగం దెబ్బతింటే మాత్రం పిల్లలు పుట్టకపోవడం తప్ప పైకి మరే గుర్తూ కనిపించకపోవచ్చు.

అంతదాకా ఆగనవసరం లేదని, చెంచాడు రక్తం చాలునని ఇటీవలి పరిశోధన పత్రాలు కొన్ని ఆశ పెడుతున్నాయి. రక్తంలోని మైక్రో ఆర్.ఎన్.ఏ.లను కొలిస్తే వృషణాలకు తగిలిన విషపు దెబ్బ తొందరగా బయటపడుతుందని వాటి సారాంశం. వీటిని కొన్నాళ్లుగా చదువుతున్నాను. వాటిలో మంచీ ఉంది, తొందరపాటూ ఉంది.

ముందు వాటి అవసరం సంగతి. ఇప్పుడు మన చేతిలో ఉన్న పరీక్షలు చాలవు. మనిషిలో ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అంటే మొదటి దశలోని కణాలకు ఇవాళ దెబ్బ తగిలితే, వీర్యంలో ఆ లోటు కనిపించేసరికి రెండున్నర నెలలు దాటుతుంది. పైగా శుక్రకణాల సంఖ్య ఒకే మనిషిలో వారం వారం మారుతూ ఉంటుంది. రక్తంలో ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోను పెరగడం ఒక గుర్తే. లాత్రాప్ కార్మికుల్లోనూ అది పెరిగింది. కానీ అది నష్టం బాగా జరిగిపోయాక మోగే గంట. వృషణాల్లోని సెర్టోలి కణాలు విడుదల చేసే ఇన్‌హిబిన్-బి మీద కొంతకాలం ఆశలు పెట్టుకున్నారు. ఎలుకల్లో నష్టం తీవ్రంగా ఉన్నప్పుడు అది తగ్గుతుంది గాని, స్వల్పంగా ఉన్నప్పుడు దాన్ని నమ్మడానికి లేదు.

ఇక మైక్రో ఆర్.ఎన్.ఏ. అంటే సుమారు 22 అక్షరాల పొడవుండే చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్క. అది ప్రోటీనును తయారు చేయదు. ప్రోటీను తయారీకి ఆజ్ఞ మోసుకుపోయే ఆర్.ఎన్.ఏ.కు అతుక్కుని ఆ ఆజ్ఞను ఆపుతుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు దీన్ని వెలికితీశాయి. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. (వాళ్లు దాన్ని కనుగొన్నది కూడా ఒక నులిపురుగులోనే. డి.బి.సి.పి. చంపేదీ నులిపురుగులనే. ఇందులో పరమార్థం ఏమీ లేదు, చెప్పాలనిపించి చెప్పాను.) మామూలు ఆర్.ఎన్.ఏ. రక్తంలో పడితే ఎంజైములు దాన్ని నిమిషాల్లో ముక్కలు చేస్తాయి. మైక్రో ఆర్.ఎన్.ఏ. మాత్రం కొవ్వుపొర సంచుల్లోనో, ప్రోటీన్ల చాటునో నిలకడగా ఉంటుందని 2008లో తేలింది. మరుసటి ఏడాది, ఎక్కువ మోతాదులో పారాసెటమాల్ ఇచ్చిన చిట్టెలుకల రక్తంలో మిర్-122 అనేది పెరగడం చూశారు. అక్కడి నుంచే ఉత్సాహం మొదలైంది.

కాలేయం విషయంలో ఆ పద్ధతి ఎందుకు ఫలించిందో తెలుసుకుంటే, వృషణాల దగ్గర ఎందుకు తడబడుతోందో మీకే అర్థమవుతుంది. కాలేయంలోని మైక్రో ఆర్.ఎన్.ఏ.లో దాదాపు 70 శాతం మిర్-122 ఒక్కటే. ఇతర అవయవాల్లో అది బహు తక్కువ. కాలేయ కణం పగిలితే లోపలి సరుకు నేరుగా రక్తంలోకి పోతుంది. ఊరు మొత్తం మీద ఒక్క ఇంట్లోనే ఉండే వస్తువు బజారులో దొరికితే ఎవరింట్లో దొంగలు పడ్డారో వేరే చెప్పాలా?

వృషణాల్లో ఈ సౌలభ్యం లేదు. శుక్రకణాలు తయారయ్యే చోట మిర్-34సి, మిర్-449 వంటివి పుష్కలంగా ఉంటాయి. వీటి కుటుంబాలు రెండింటినీ తొలగించిన ఎలుకలు సంతానహీనమవుతాయి. కాబట్టి సూచికలుగా వీటినే ఎంచుకోవడం సహజం. అయితే ఇవి ఊపిరి గొట్టాల లోపలి పొర మీద కదిలే సన్నని కేశాలున్న కణాల్లోనూ ఉంటాయి. శుక్రకణం తోకా, ఆ కేశమూ ఒకే రకం నిర్మాణాలు కదా! ఇప్పుడు ఆలోచించండి. కర్మాగారంలో కార్మికుడు విషాన్ని ఎక్కువగా పీల్చేది ముక్కుతోనే. రేపు అతని రక్తంలో మిర్-34సి పెరిగితే, దెబ్బ తిన్నది వృషణమా, ఊపిరి గొట్టమా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా దాన్ని వృషణాల సూచిక అనడం నాకు సమ్మతం కాదు.

రెండో చిక్కు అసలు ఆ సరుకు బయటికి వస్తుందా అన్నది. సెర్టోలి కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని రక్తానికీ, ఎదుగుతున్న శుక్రకణాలకూ మధ్య గోడ కడతాయి. అంతేకాదు, చనిపోయిన శుక్రజనక కణాలను అవే మింగి అరిగించుకుంటాయి. కాలేయంలో కుండ వీధిలో పగిలితే, ఇక్కడ నాలుగు గోడల మధ్య పగిలి పెంకులు కూడా మాయమవుతాయి. ఆ లెక్కన రక్తం కంటే వీర్యంలో వెతకడం మేలు. వేసెక్టమీ చేయించుకున్నవారి వీర్యంతో పోల్చి, అందులో ఏది వృషణాల నుంచి వచ్చిందో తేల్చవచ్చు కూడా. కానీ అప్పుడు మళ్లీ వీర్య నమూనాయే అడగవలసి వస్తుంది.

వృషణ కణజాలాన్నే రుబ్బి కొలిచిన పత్రాల్లో మరో పొరపాటు చూశాను. రంగులు, సిరాల్లో ద్రావణిగా వాడుతూ వచ్చిన ఇథిలీన్ గ్లైకాల్ మోనోమిథైల్ ఈథర్ ఇటువంటి ప్రయోగాల్లో పాత నేస్తం. శుక్రకణం కావలసిన కణాలను అది విభజన మధ్యలో చంపుతుంది. ఆ తర్వాత వృషణంలో ఆ కణాల మైక్రో ఆర్.ఎన్.ఏ. తగ్గిందంటారు. తగ్గదా మరి? మిరపకాయల వాళ్లు రాని సంతలో ఘాటు తగ్గిందని చెప్పినట్టుంది. కణాలే పోయాయా, ఉన్న కణాలే తమ పని మార్చుకున్నాయా అన్నది విడదీసి చూపని అంకె కొత్తగా ఏమీ చెప్పదు. కణాలు పోయిన సంగతి సూక్ష్మదర్శిని కింద ఎప్పుడో తెలుసు. ఇక రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే వాటిలోని మిర్-451 వంటివి కలిసి లెక్కలన్నీ తారుమారవుతాయి. అది సూది పట్టిన చేతి నేర్పుకు సంబంధించిన విషయం.

అలాగని వృషణాల విషయంలో ఈ దారి మూసుకుపోయిందనను. వృషణాల క్యాన్సరును పసిగట్టడంలో మిర్-371ఎ బాగా పనికొస్తోంది. 2019లో వెలువడిన పెద్ద అధ్యయనంలో అది రోగం ఉన్నవారిని 90 శాతం, లేనివారిని 94 శాతం సరిగా గుర్తించింది. కణితి తన ముద్రను పెద్ద ఎత్తున రక్తంలోకి వదులుతుంది. విషం తిన్న కణం మౌనంగా చచ్చిపోతుంది. ఒకదాని విజయాన్ని రెండోదానికి అంటగట్టకూడదు.

అనువాదం చేసేవాడిగా ఒక మాట. 2009 నాటి ఆ కాలేయ పత్రం శీర్షికలోనే ‘కాగల’ సూచికలు అని ఉంది. ఇటువంటి వార్త తెలుగులోకి వచ్చేసరికి ఆ ‘కాగల’ జారిపోయి ‘కనుగొన్నారు’ మిగులుతుంది. ఈ తప్పు నేనూ చేశాను. మీరు చదివేటప్పుడు ఆ చిన్న మాట కోసం వెతకండి.

ఇన్ని ఆక్షేపణలు చెప్పి కూడా ఈ పరిశోధన ఆగాలని నేను కోరను. కేరళలోని కాసరగోడ్ జిల్లాలో పడ్రె గ్రామం ఉంది. అక్కడి జీడిమామిడి తోటల మీద 20 ఏళ్లకు పైగా హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ చల్లారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఊరి బడిపిల్లలు 117 మందిని, మందు సోకని చోటి పిల్లలు 90 మందిని పరీక్షించి, ఆ ఊరి మగపిల్లల్లో యుక్తవయసు లక్షణాలు ఆలస్యమవుతున్నాయని 2003లో ప్రకటించారు. దాని మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిషేధించింది. పదేళ్ల పిల్లవాణ్ణి వీర్య నమూనా అడగలేం. అక్కడి శాస్త్రవేత్తలకు దొరికినవి శరీర లక్షణాలూ, కొన్ని హార్మోన్లూ మాత్రమే. నమ్మదగిన రక్త పరీక్ష ఒకటి ఉంటే ఆ వాదన అన్నేళ్లు సాగేది కాదేమో.

‘కాదేమో’ అన్నాను. ఎందుకంటే డి.బి.సి.పి. ఎలుకల వృషణాలను కుదించివేస్తుందని 1961లోనే అచ్చయింది. దానికి మైక్రో ఆర్.ఎన్.ఏ. అక్కర్లేదు, త్రాసు చాలు. లాత్రాప్ కార్మికుల వీర్యాన్ని పరీక్షించింది మరో 16 ఏళ్లకు. 1979లో అమెరికా ప్రధాన భూభాగంలో ఆ మందు ఆగినా, హవాయి అనాస తోటల్లో ఇంకా కొన్నేళ్లు వాడారు. కోస్టారికా అరటితోటల్లో దాన్ని చల్లిన కూలీల్లో ఎందరో సంతానహీనులై కోర్టుల చుట్టూ తిరిగారు. మైక్రో ఆర్.ఎన్.ఏ. పరీక్ష వచ్చాక దాని ఫలితం ముందుగా ఎవరి బల్ల మీదకు చేరుతుంది, కార్మికుడిదా, యజమానిదా? నేను చదివిన పత్రాల్లో ఈ ప్రశ్న ఎక్కడా కనిపించలేదు.