నీలి సిరా సంతకం: ఐటీఆర్-వి కాగితం పనితనం

కర్నూలు జిల్లా ఆస్పరిలో టమాటా, వేరుశనగ, పత్తి పండించే రైతుకు ఆదాయపు పన్ను రిటర్న్‌తో పెద్దగా పని పడదు. సాగు మీద వచ్చే ఆదాయాన్ని 1961 నాటి చట్టంలోని సెక్షన్ 10(1) పన్ను నుంచి తప్పించింది. రిటర్న్ వేసేది బడి పంతుళ్లు, రైల్వే ఉద్యోగులు, ఆదోని మార్కెట్‌తో లావాదేవీలున్న పత్తి వ్యాపారులు, పింఛనుదార్లు. రిటైరైన సారు డిపాజిట్ వడ్డీలో బ్యాంకు టీడీఎస్ పట్టుకుంటే, కట్టక్కర్లేని ఆ పన్ను వెనక్కి రావడానికైనా రిటర్న్ వేయాలి.

నెట్ సెంటర్‌లో సబ్మిట్ నొక్కినంత మాత్రాన పని అయిపోదు. ‘ఇది నేను వేసిందే’ అని ధ్రువీకరించేదాకా అది వేయనట్టే లెక్క. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరుంటే ఓటీపీతో క్షణంలో ముగుస్తుంది. నెట్ బ్యాంకింగ్ లాంటి దారులూ ఉన్నాయి. ఇవేవీ కుదరనివారి కోసం టపా దారిని ఇప్పటికీ తెరిచే ఉంచారు. ఆ దారిన వెళ్లే కాగితమే ఐటీఆర్-వి. ప్రభుత్వ కాగితాల్లో ఇంత శ్రద్ధగా మలిచినవి నేను తక్కువ చూశాను.

ఉన్నది ఒకే పేజీ. పైన పేరు, పాన్, ఏ ఫారం వేశారో ఆ వివరం, 15 అంకెల రసీదు సంఖ్య. తరువాత ఫలానావారి కొడుకునో కూతురునో అంటూ మొదలయ్యే ప్రమాణం: ఇచ్చిన వివరాలు తెలిసినంతవరకు సరైనవి, సంపూర్ణమైనవి అని. దానికి సంతకం. అడుగున బార్‌కోడ్. ఇందులో లేనిదేమిటో చూస్తే పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. పాత ఐటీఆర్-విలో ఆదాయం, పన్ను అంకెలు కూడా ఉండేవి. ఇప్పటిదాంట్లో లేవు. ప్రింటు తీసిచ్చే కుర్రాడు గానీ, కవరుకు జిగురు పెట్టిపెట్టే పక్కింటాయన గానీ సారు సంపాదన ఎంతో ఆ కాగితంలో చదవలేరు. ఊళ్లో మనిషి పరువు తెలిసినవారు చేసిన మార్పులా అనిపిస్తుంది నాకు.

ఇక జాగ్రత్తలు. తెల్లటి ఏ4 కాగితం, ముదురు నల్ల ప్రింటు. డాట్ మ్యాట్రిక్స్ పనికిరాదు. వాటర్‌మార్కు ఉండకూడదు, వెనకవైపు ఏమీ అచ్చు వేయకూడదు, స్టేప్లర్ పిన్ను కొట్టకూడదు. అవతల దీన్ని చదవబోయేది యంత్రం. పిన్ను పడితే కాగితం చిరుగుతుంది, వెనక అచ్చు ఉంటే ముందుకు కనిపిస్తుంది. సంతకం మాత్రం స్వహస్తాలతో, నీలి సిరాతో చేయాలి. నల్లటి అచ్చు మధ్య నీలం కనిపిస్తే అది జిరాక్సు కాదని చూడగానే తెలుస్తుంది. ఏ చిన్న నెట్ సెంటర్‌లోనైనా వినిపించగల మాట ఒకటుంది: “సార్, ఆ గీతల మీదికి పోకుండా పెట్టండి సంతకం.” బార్‌కోడ్ మీద సిరా పడితే ఈ కాగితం ఎవరి రిటర్న్‌దో యంత్రం పోల్చుకోలేదు. యంత్రానికి గీతలు, మనిషికి సంతకం. రెండింటికీ ఒకే పేజీలో దేని చోటు దానికి ఇచ్చారు.

జతగా ఫారం-16 అక్కర్లేదు, బ్యాంకు కాగితాలు అక్కర్లేదు, కవరింగ్ లెటర్ కూడా వద్దు. ఇంట్లో ఇద్దరు రిటర్న్ వేస్తే రెండు ఐటీఆర్-విలూ ఒకే కవరులో పెట్టవచ్చు. చిరునామా చూడండి: సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్, ఆదాయపు పన్ను శాఖ, బెంగళూరు 560500. వీధి లేదు, ఇంటి నంబరు లేదు. ఒకప్పుడు ఎలక్ట్రానిక్ సిటీ పోస్టాఫీసు, పోస్ట్ బ్యాగ్ నంబర్ 1 అని రాయాల్సి వచ్చేది.

ఇంత మంచి పనిలో నాకు నచ్చనిది గడువును లెక్కించే తీరు. అప్‌లోడ్ చేశాక ధ్రువీకరణకు పూర్వం 120 రోజుల గడువుండేది, 2022 ఆగస్టు 1 నుంచి 30 రోజులు చేశారు. దాన్ని తప్పుపట్టను. అప్పుడు స్పీడ్ పోస్ట్ చేసిన తేదీనే లెక్కలోకి తీసుకునేవారు. 2024 మార్చి 31 నాటి ప్రకటన తరువాత, కవరు బెంగళూరుకు చేరిన తేదీ లెక్కకు వస్తోంది. పోస్టు చేయడం సారు చేతిలో ఉంది, చేరడం ఆయన చేతిలో లేదు. పాత పద్ధతే న్యాయమని నా అభిప్రాయం. 30 రోజులు దాటి చేరితే, ధ్రువీకరణ జరిగిన తేదీనే రిటర్న్ వేసిన తేదీగా తీసుకుంటారు. జూలై 31 గడువులోపు అప్‌లోడ్ చేసినా ఆలస్య రుసుము పడవచ్చు. అందుకే ప్రింటు తీసిన రోజే సంతకం పెట్టి స్పీడ్ పోస్ట్ చేయడం మేలు. ఆ రసీదు మీది 13 అక్షరాల నంబరుతో కవరు ఎక్కడుందో చూసుకోవచ్చు. కాగితం చేరాక శాఖ ఈ-మెయిల్ పంపుతుంది. ఆ తరువాతే రిటర్న్ పరిశీలన, రీఫండు మొదలవుతాయి.