గోంగూర విత్తనం కట్టని చోట

కారెల్ చాపెక్ గురించి నాకు తెలిసింది ఒక్కటే: 'రోబో' అనే మాట ఆయన 1920 నాటకంలోంచి వచ్చిందని. (మాట సూచించింది అన్న యోసెఫ్. తమ్ముడు ఆ సంగతి తనే చెప్పాడు, మన ఆఫీసుల్లో అయితే అదీ ఉండదు.) మొన్న జనవరిలో, ఇక్కడ మినియాపోలిస్‌లో పెరడంతా మంచు కింద ఉన్నప్పుడు, ఆయన తోటపని పుస్తకం 'ది గార్డెనర్స్ ఇయర్' చదివాను. 1929లో చెక్ భాషలో వచ్చింది, నేను చదివింది ఇంగ్లీషులో. ప్రాగ్‌లో తన ఇంటి తోటలో నెలనెలా ఏం చేస్తాడో, చేస్తూ ఎలా నవ్వులపాలవుతాడో చెప్పే చిన్న పుస్తకం. బొమ్మలు యోసెఫ్‌వే.

తమాషాగా ఉంటుంది. తోటపని చేసేవాడికి అసలు వెన్నెముక ఎందుకని వాదిస్తాడు. కానీ నన్ను పట్టుకున్నది హాస్యం కాదు. ఈయన ధ్యాస పువ్వు మీద కన్నా మట్టి మీదే ఎక్కువ. ఒకచోట ఆకులు రాలిపోవడాన్ని చావుగా చూడడానికి ఒప్పుకోడు. కొమ్మ మీద కొత్త మొగ్గ అప్పటికే తయారై ఉంది చూడండి, వసంతం అప్పుడే మొదలైంది అంటాడు. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. వంగి, కొమ్మ దగ్గరికెళ్ళి చూసి అన్న మాట.

నేను తెనాలివాణ్ణి. ఇంజనీరింగ్ బాపట్లలో, అమ్మమ్మగారి ఊరు రేపల్లె దగ్గర. మా వైపు తోటకూర గింజలు విదిలించి మర్చిపోయినా మొలుస్తాయి, మట్టి గురించి ఆలోచించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఇక్కడ నేల గడ్డకట్టే లోతును లెక్కేసి ఇంటి పునాదిని 42 అంగుళాలు దించుతారని తెలిసినప్పుడు మొదటిసారి కిందికి చూశాను. మా జిల్లా కవి కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో వింటూ పెరిగినవాణ్ణి. పువ్వు కోసేవాడి పాపం గురించి ఇంతగా కదిలించిన పద్యాలు నాకు ఇంకెక్కడా కనబడలేదు. ఆ మొక్కకు పాదు చేసినవాడు మాత్రం అందులో లేడు. లేకపోవడం ఆ పద్యాల లోపం అనను. ఆ లేకపోవడం మనకు అలవాటైపోయింది, అదీ నా గొడవ.

అమెరికా తెలుగు కథల్లో నేను చదివినంతలో పెరటి మొక్క ఊరిని గుర్తు చెయ్యడానికి వస్తుంది, ఆ పని కాగానే వెళ్ళిపోతుంది. నేనూ అలాంటిది ఒకటి రాశాను. కుండీలో కరివేపాకు చలికాలం చచ్చిపోతుంది, అదే రోజు ఇండియా నుంచి ఫోనొస్తుంది. చాలామంది మెచ్చుకున్నారు. అసలు ఆ మొక్క ఎందుకు చచ్చిందో కథలో లేదు. శీతాకాలం ఇంట్లో పెట్టిన కరివేపాకు ఆకు రాల్చి నిద్రపోతుంది, అప్పుడు నీళ్ళు బాగా తగ్గించాలి. నేను జాలిపడి రోజూ పోశాను. వేళ్ళు కుళ్ళాయి. రాయాల్సిన కథ అది. నేను రాసింది వేరే.

ఇంకో ఉదాహరణ గోంగూర. పోయినేడు అమ్మ మేలో వచ్చింది, అక్టోబరులో వెళ్ళింది. గోంగూర నడుమెత్తు పెరిగింది, ఎన్నిసార్లు కోసినా మళ్ళీ ఆకు. ఆగస్టులో అడిగింది: "ఏరా, పూత రాదేంటి?" గోంగూర పూయాలంటే రాత్రి పొడుగ్గా ఉండాలి. తెనాలిలో ఎంత పెద్ద పగలైనా 13 గంటలు. ఇక్కడ జూన్‌లో పదిహేనున్నర. పన్నెండున్నరకు దిగేసరికి సెప్టెంబరు సగం అయిపోతుంది. మొగ్గ తొడిగి, పూసి, కాయ ముదరడానికి ఆపైన రెండు నెలలైనా కావాలి. అమ్మ ఒక మొక్కను కొయ్యకుండా విత్తనానికి వదిలింది. అక్టోబరులో ఒక రాత్రి మంచు పడింది, పొద్దున్నకల్లా మొక్క నల్లబడింది. మా విత్తనాలు ఏటా డాలస్‌లో ఉండే మేనత్త పంపుతుంది, అక్కడ చలి ఆలస్యం కాబట్టి కాయ ముదురుతుంది. ఆకు దండిగా వస్తుంది, విత్తనం మాత్రం కట్టదు. ప్రవాసం మీద ఎన్ని పేజీలు చదివినా ఇంత స్పష్టంగా నాకెవరూ చెప్పలేదు.

'వేళ్ళు తెగిన చెట్టు' అనే పోలిక కూడా నాకు నచ్చదు. అది డెల్టావాళ్ళ నోట రావాల్సింది కాదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి తినేవాళ్ళం మనం. దాన్ని నారుమడిలోంచి పీకి, కట్టలు కట్టి, వేరే మడిలో నాటేవారు. నాలుగు రోజులు పచ్చబారి వాడినట్టుండి, తర్వాత మూన తిరిగేది. (ఇప్పుడు వెదజల్లుతున్నారు, సరే.) పీకడమే విషాదమైతే మనకు అన్నం ఎక్కడిది? నారు ఎంత ముదిరాక పీకారు, కొత్త మడిలో నీళ్ళెంత అని అడగాలి. మన కథలు ఆ ప్రశ్నలు అడగవు.

చాపెక్‌తోనూ నాకు పేచీ ఉంది. ఆయనది తిండి తోట కాదు. కూరగాయల సంగతి ఒక చిన్న అధ్యాయంలో, ముల్లంగి జోకులతో, తేల్చేస్తాడు. తోటలోంచి కూర వండుకోవాలనుకునే అమ్మలాంటి మనిషి ఆ పుస్తకంలో లేదు. ఉంటే పుస్తకం మరోలా ఉండేది.

ఏప్రిల్‌లో ట్రేలలో విత్తనాలు వెయ్యాలి. పోయిన వారం పగలూ రాత్రీ లెక్క అమ్మకు ఫోనులో మళ్ళీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే సాయంత్రం ఆరింటికే గంప బోర్లించరా, పొద్దున ఎనిమిదికి తియ్యి. చీకటి పడిందనుకుంటుంది" అంది. వెతికి చూస్తే పూలు పెంచేవాళ్ళు నిజంగానే అలా చేస్తారు. గంప అయితే సందుల్లోంచి వెలుతురు వస్తుంది, నల్లటి తొట్టి కావాలి. రెండు కుండీలు విడిగా పెడుతున్నాను, జూలై నుంచి మొదలుపెడదామని.