‘వృత్తి చికిత్స’: పదం, వ్యాపకం, పర్యావరణం – విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

ఆక్యుపేషనల్ థెరపీని తెలుగులో ‘వృత్తి చికిత్స’ అనడం వాడుకలో ఉంది. 2021నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల చట్టం ఈ రంగానికి చట్టబద్ధమైన గుర్తింపునిచ్చింది. కనుక దాని తెలుగు పేరును పరిశీలించవలసిన సందర్భమిది. ప్రస్తుత అనువాదం చికిత్స పరిధిని జీవనోపాధికి కుదిస్తోందనీ, పనికీ పరిసరానికీ గల సంబంధాన్ని మరుగుపరుస్తోందనీ నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

2. పదవిమర్శ

ఈ శాస్త్రంలో ‘ఆక్యుపేషన్’ అంటే స్నానం, వంట, ఆట, పూలు కట్టడం వంటి, రోజుకు అర్థం కల్పించే ప్రతి పనీ. తెలుగులో ‘వృత్తి’ అనగానే బతుకుతెరువు, కులవృత్తి స్ఫురిస్తాయి. పక్షవాతం నుంచి కోలుకుంటున్న వృద్ధురాలికి ‘వృత్తి చికిత్స’ సూచిస్తే, ఈ వయసులో తనకు వృత్తి ఏమిటని ఆమె అడగడం సహజం. ఆమె కోరేది తన చీర తాను కట్టుకోగలగడం.

‘కార్యకలాప చికిత్స’ స్పష్టంగా ఉన్నా కార్యాలయ భాషలా వినిపిస్తుంది. మనసునూ కాలాన్నీ నిమగ్నం చేసే పనికి తెలుగువారి మాట ‘వ్యాపకం’. ‘వ్యాపక చికిత్స’ను ‘అంతటా వ్యాపించే చికిత్స’గా పొరబడే అవకాశం లేకపోలేదు. నిర్వచనంతో వాడితే ఆ చిక్కు తీరుతుంది.

3. పరిసర దృష్టి

వ్యాపకానికి చోటు కావాలి. హైదరాబాదు శివార్లలోని నాదర్‌గుల్ ప్రాంతంలో పొలాలు లేఅవుట్లుగా మారాయి. సేద్యమే వ్యాపకమైన వృద్ధుడికి పొలం పోతే, చేతిలో సత్తువ ఉన్నా చేసే పని ఉండదు. అతని ఆరోగ్యాన్ని నేల నుంచి విడదీసి అంచనా వేయలేం. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య 2018లో సుస్థిరతపై మార్గదర్శక సూత్రాలు ప్రకటించడం ఈ దృష్టికి బలమిస్తుంది.

వైద్యరంగం కూడా పర్యావరణంపై భారం మోపుతోంది. ప్రపంచ హరితగృహ వాయు ఉద్గారాలలో దాని వాటా దాదాపు 4.4 శాతమని ‘హెల్త్ కేర్ వితౌట్ హార్మ్’ సంస్థ 2019లో అంచనా వేసింది. వ్యాపక చికిత్సకు ఇక్కడ ఒక వెసులుబాటుంది. వేళ్ల పట్టు కోసం కృత్రిమ ముద్దను పిసికించే బదులు చపాతీ పిండి పిసికించవచ్చు, చిక్కుడుకాయలు ఒలిపించవచ్చు. పిల్లలకు ప్లాస్టిక్ పరికరాల స్థానంలో ఏటికొప్పాక లక్క బొంగరం ఇవ్వవచ్చు. పరాయి వస్తువుకన్నా పరిచితమైన పని రోగిని తన ఇంటి జీవితానికి దగ్గర చేస్తుంది.

4. పరిమితులు

స్థానికమైనదంతా సుస్థిరం కాదు. ఏటికొప్పాక బొమ్మలకు ఆధారమైన అంకుడు కర్రకే కొరత ఉంది. చెట్లు నాటకుండా బొమ్మలను మాత్రమే కీర్తించడం అర్ధసత్యం. చేతికి అమర్చే థర్మోప్లాస్టిక్ పట్టీ వంటి వాటికి ఇంటి వస్తువులు ప్రత్యామ్నాయం కావు. దానిని వేడిచేసి అదే రోగికి మళ్లీ మలచి, వ్యర్థాన్ని తగ్గించవచ్చు. పర్యావరణం పేరిట పేదరోగికి నాసిరకం పరికరం అంటగట్టడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

5. ముగింపు

‘వృత్తి’ అన్న అనువాదం మనిషిని సంపాదనతో కొలుస్తుంది. ‘వ్యాపకం’ అతని రోజునూ, ఇంటినీ, నేలనూ కలిపి చూపుతుంది. పారిభాషిక పదకల్పనలో భాషాశాస్త్రజ్ఞులతోపాటు చికిత్సకులూ, చికిత్స పొందేవారూ పాల్గొంటేనే ఇటువంటి పదాలు వాడుకలో నిలుస్తాయి.